దివిటీ పట్టిన మనిషి నుంచి సెన్సార్ లైటు దాకా

పోయిన వారం పోస్టు పెట్టలేదని చాలామంది ఫోన్ చేసి అడిగిన్రు. ఏం లేదు, యాసంగి వడ్లు కాంటా అయినంక యాప్రాల్‌లో మా పెద్దమ్మాయి ఇంటికి పోయి పది రోజులు ఉన్న. అక్కడ ఒక లైటు నా తల తిన్నది. ఆ లైటు కథ చెప్తా అనుకుంటే అది దివిటీల దాకా పోయింది. పోస్టు పొడుగు ఉంటది, తీరుబడిగా చదవండి.

యాప్రాల్ ఎక్కడ అని అడిగేవాళ్ళకు – సికింద్రాబాద్‌కు ఉత్తరం దిక్కు, సైనిక్‌పురి, అమ్ముగూడ, కౌకూర్ పక్కన. పేరు విన్నప్పుడల్లా నాకు యాపచెట్టే గుర్తొస్తది. చుట్టూ మిలిటరీ భూములు. అసలు సికింద్రాబాదే పటాలాల కోసం పుట్టిన ఊరు. 1798లో నిజాం ఇంగ్లీషోళ్ళతో ఒప్పందం చేసుకుంటే వాళ్ళ ఫౌజు హుస్సేన్‌సాగర్ అవతల డేరాలు వేసింది. 1806లో సికందర్ జా పేరు మీద దానికి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. యాప్రాల్‌లో ఇప్పటికీ రిటైరైన ఫౌజీలు మస్తుమంది ఉంటరు. కాలనీలు లేచినయి గాని, కంచె అవతల ఇంకా గుండ్లు, తుమ్మలు, పొదలు ఉన్నయి. మా అమ్మాయి ఇల్లు ఆ కంచె దిక్కే, చివరి వరుసలో.

వాళ్ళ గేటు మీద ఒకటి, వెనక బోరు కాడ ఒకటి సెన్సార్ లైట్లు పెట్టుకున్నరు. మనిషి వస్తే వెలగాలె, పోతే ఆరాలె. నేను పోయిన రోజు చూస్తే గేటు లైటు పట్టపగలు వెలుగుతున్నది. సాయంత్రం ఏడు గంటలకు నేను సంచి పట్టుకొని లోపలికొస్తే వెలగలేదు. వెనక లైటేమో మనిషి లేకున్నా వెలిగి ఆరి, వెలిగి ఆరి, పెళ్ళిపందిరి లెక్క. "రెండుసార్లు మార్పించినం నాన్నా, కొత్తది పెట్టినా గంతే" అన్నది బిడ్డ. పైసలు రెండుసార్లు పోయినయన్నమాట. కొత్తది పెట్టినా అదే రోగం ఉన్నదంటే రోగం లైటులో లేదు, పెట్టిన తావులో ఉన్నది. నాటు ఎర్రబడితే విత్తనాన్ని తిట్టే ముందు మడిలో నీళ్ళు చూస్తం గదా, అట్ల.

ఆ రాత్రి మిద్దె మీద మంచం వేసుకొని పండుకుంటే ఒక మాట తట్టింది. మనిషి నడిస్తే దీపం తోడు రావడం కొత్త సంగతి కాదు. మన తెలంగాణలో అది ఎప్పటి నుంచో ఉన్నది. కాకపోతే అప్పుడు సెన్సార్ ఒక మనిషి.

మా తాత చెప్పేటోడు. దొర రాత్రిపూట బయటికెళ్తే బండి ముందు దివిటీ పట్టుకొని ఉరికేటోళ్ళు. ఆముదంలో తడిపిన గుడ్డలు కర్రకు చుట్టి, ఆరిపోకుండ నూనె పోసుకుంట, ఊరి నుంచి ఊరి దాకా. చాకలివాళ్ళు, మంగలివాళ్ళు, మాదిగలు – ఎవరి వంతు వస్తే వాళ్ళు. కూలి లేదు, దాని పేరే వెట్టి. పెళ్ళి ఊరేగింపుకు వాళ్ళే, ఊర్లోకి అధికారి దిగితే వాళ్ళే. దొర కదిలితే వెలుగు కదలాలె, దొర ఆగితే ఆగాలె. ఆ పట్టిన మనిషికి కాళ్ళ కింద ఏమున్నదో చూసుకునే తీరిక ఉండదు, ఎందుకంటే వెలుగు ఆయన కోసం కాదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిననాటి నుంచి వెట్టి మీద మాట లేచింది. 1946 నుంచి 1951 దాకా జరిగిన సాయుధ పోరాటంలో వెట్టి పెద్ద మంట. భూమి, గింజ, అప్పు గురించి మనం మాట్లాడుకుంటం గాని, దివిటీ గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే రాస్తున్న.

మామూలు ఇండ్లల్ల ఆముదం ప్రమిద, తర్వాత గ్యాస్‌నూనె వచ్చినంక బుడ్డి, కందిలి. కందిలి పట్టుకొని పొలం పోయిన అనుభవం మనలో యాభై దాటినోళ్ళందరికీ ఉంటది. దాని వెలుగు మూడు అడుగులు. కాని ఒక మంచి గుణం ఉండేది: చేతిలో కిందికి వేలాడుతది కాబట్టి పాదాల ముందు నేల కనపడుతది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్ల మళ్ళీ వస్త.

కరెంటు సంగతికొస్తే, పట్నానికి అది మనకంటే చాలా ముందు వచ్చింది. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు ఫ్యాక్టరీ పెట్టిన్రు. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్, ప్రసాద్స్ సినిమాహాలు ఉన్న జాగ అది. చెరువు నీళ్ళు యంత్రాలు చల్లబరచడానికి పనికొచ్చినయి. ఎల్లందు దిక్కు సింగరేణి బొగ్గు 1889 నుంచే తవ్వుతున్నరు. అదే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టరు అయింది. పట్నంల స్విచ్ వేస్తే బల్బు వెలుగుతున్న రోజుల్ల, నలభై కోసుల అవతల దివిటీ పట్టే మనిషి ఇంకా ఉరుకుతనే ఉన్నడు. ఒకే రాజ్యం, ఒకే కాలం.

మన ఊర్లకు స్తంభాలు రావడానికి ఇంకో యాభై ఏండ్లు పట్టింది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడ్డది. 1969లో ఢిల్లీల గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టి బోర్డులకు అప్పులిచ్చుడు మొదలుపెట్టిన్రు. మా ఊరికి కరెంటు వచ్చినప్పుడు నేను చిన్నపిల్లగాన్ని. వీధి స్తంభం బల్బు కింద కూసొని ఊరంతా ఆ రాత్రి ముచ్చట పెట్టింది. ఇండ్లల్ల బల్బు కంటే బావుల కాడ మోటరే ముఖ్యమైంది. ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్క పెట్టినంక మోట పక్కకు పోయింది, బోర్లు పెరిగినయి. బోర్లు పెరిగితే కరెంటు సరిపోక వంతులొచ్చినయి.

వంతులంటే మీకు చెప్పాలా. పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. ఆ రాత్రి కరెంటు పదకొండుకొస్తదో రెండుకొస్తదో తెల్వదు. చెవులు రిక్కించి పండుకునేది. చార్జీల మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగినయి, మనుషులు పోయిన్రు. 2004 మేలో రాజశేఖరరెడ్డి గారు ఉచిత కరెంటు మీద సంతకం పెట్టిన్రు. ఈ రెండూ అందరికీ గుర్తే. రాత్రి కరెంటుకు లేచి పోయి తిరిగి రానోళ్ళ లెక్క మాత్రం ఏ శిలాఫలకం మీదా లేదు.

మా చిన్నాయన అట్లనే పోయిండు. 2001 వానాకాలం. రాత్రి రెండున్నరకు కరెంటొచ్చిందని లేచిండు. టార్చిలైటు సెల్లులు నీరసపడి ఎర్రగ వెలుగుతున్నయి. ఒడ్డు మీద గడ్డి మోకాలెత్తు. స్టార్టరు డబ్బా కాడికి ఇంకో నాలుగడుగులు ఉన్నదనంగ రక్తపింజర కాటేసింది. అప్పుడు కూడా ముందు స్టార్టరు నొక్కి, మోటరు పోస్తున్నదా లేదా చూసుకొని ఇంటికొచ్చిండు. మడి ఎండుతున్నది మరి. మంత్రం పెట్టించడానికి రెండు గంటలు పోయినయి, దవాఖానకు తీస్కపోయేసరికి తెల్లారింది. మూడో రోజు పోయిండు. ఆయన వయసు నలభై ఒకటి. నేనప్పుడు ట్రాక్టరు నడిపిన, మంత్రం వద్దు దవాఖానకే పోదామని గట్టిగ చెప్పలేకపోయిన.

మన రైతులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టిన్రు: ఆటో స్టార్టరు. కరెంటు రాంగనే మోటరు దానంతట అదే లేస్తది, మనిషి చీకట్ల పోయే పని లేదు. నన్నడిగితే మన ఊర్లల్ల మొట్టమొదటి 'సెన్సార్' అదే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణల ఇరవై నాలుగు గంటల కరెంటు ఇస్తమన్నప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని అధికారులు ఊరూరు తిరిగిన్రు. కరెంటు ఎప్పుడూ ఉంటే మోటరు ఆగకుండ పోస్తది, భూమిల నీళ్ళు ఒడుస్తయని. మాట నిజమే. కాని ఆటో స్టార్టరు పెట్టింది బద్ధకానికి కాదు, పాముకు భయపడి అని కూడా ఎవరైనా రాసి పెట్టాలె గదా.

సరే, మళ్ళీ యాప్రాల్. తెల్లారి నిచ్చెన వేసుకొని ఎక్కిన. ఇంటర్‌ల ఫిజిక్స్ రెండోసారికి పాసైన మనిషిని, అయినా పట్టు వదల్లేదు. ఈ లైటు ఏం చూస్తదో తెలిస్తే సగం రోగాలు మనమే చెప్పొచ్చు. ఇది మనిషిని చూడదు. కదలికను కూడా సూటిగ చూడదు. కదిలే వేడిని చూస్తది.

దీని పుట్టుక మనకు దగ్గరనే ఉన్నది, సింహళంల. 1703లో డచ్చి వ్యాపారులు అక్కడి నుంచి కొన్ని రంగురాళ్ళు యూరపుకు తీస్కపోయిన్రు. నిప్పుల మీద వేడి చేస్తే ఆ రాయి బూడిదను తన దిక్కు లాగుతదని గమనించి దానికి బూడిద లాగే రాయి అని పేరు పెట్టిన్రు. సింహళ భాషల ఆ రాళ్ళను తోరమల్లి అంటరు, దాని మీదనే టూర్మలిన్ అనే పేరొచ్చింది. రాయి వేడెక్కినా చల్లబడ్డా దాని రెండు కొసల కరెంటు పుడతది. వేడి మారకుండ ఉంటే పుట్టదు. 1824లో బ్రూస్టర్ అనే ఆయన ఈ గుణానికి పైరోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టిండు. మన సెన్సార్ లోపల ఉన్నది ఆ రాయి కాదు గాని, ఆ గుణమున్న పదార్థమే, చిన్న బిళ్ళ.

ఇంకో సంగతి 1800లది. హర్షెల్ అనే ఖగోళ పండితుడు ఎండను గాజు ముక్కతో ఏడు రంగులుగ విడగొట్టి, ఒక్కో రంగుల థర్మామీటరు పెట్టి చూసిండు. ఎరుపు దాటినంక, కంటికి ఏ రంగూ లేని చోట, వేడి ఇంకా ఎక్కువ చూపెట్టింది. కంటికి కనపడని ఆ వెలుగునే ఇన్‌ఫ్రారెడ్ అంటరు. మన ఒళ్ళు, బర్రె, కుక్క, వేడి బండ – అన్నీ దాన్ని వదులుతనే ఉంటయి.

ముందర తెల్లగ, గీతలు గీతలుగ ఉన్న ప్లాస్టిక్ బుగ్గ ఉంటది చూడండి, అది సముద్రం దీపస్తంభాల నుంచి వచ్చింది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజినీరు మందపు అద్దాన్ని మెట్లు మెట్లుగ కోసి పలచగ చేసిండు, 1823లో కోర్దువాన్ దీపస్తంభంల పెట్టిన్రు. దీపస్తంభంల అది వెలుగును బయటికి పంపుతది, మన సెన్సార్ల బయటి వేడిని లోపలి బిళ్ళ మీదికి తెస్తది. ఆ గీతల వల్ల ముందున్న జాగ విసనకర్ర మడతల లెక్క ముక్కలుగ పంచబడుతది. మనిషి ఒక మడత నుంచి ఇంకో మడతకు దాటితే బిళ్ళ మీద వేడి మారుతది, మారితే కరెంటు పుడతది, లైటు వెలుగుతది. అంతే కథ.

ఇప్పుడు మా బిడ్డ ఇంటి రోగాలు చూడండి.

సాయంత్రం ఏడింటికి ఎందుకు వెలగలేదు? మే నెల. గేటు ముందర షాబాద్ బండలు, ఎదురుగ గోడ, పొద్దంతా ఎండ తాగి ఇంకా కాక కక్కుతున్నయి. మన చర్మం వేడి 33, 34 డిగ్రీలు ఉంటది. గోడ కూడా అంతే ఉంటే సెన్సార్‌కు మనిషికీ గోడకూ తేడా తెల్వదు. రాత్రి పదకొండు దాటినంక అదే లైటు మంచిగ వెలిగింది, నేనే నడిచి చూసిన. చలికాలంల ఈ బాధ ఉండదు. అంటే లైటు చెడిపోలేదు, మన ఎండ దాన్ని గుడ్డిది చేసింది. పైగా దాన్ని గేటుకు సూటిగ ఎదురుగ పెట్టిన్రు. నేరుగ దాని మీదికి నడిచొచ్చే మనిషి చానాసేపు ఒకే మడతల ఉంటడు. పక్క నుంచి అడ్డంగ దాటితే వెంటనే పట్టుకుంటది. పక్క గోడ మీదికి, ఏడడుగుల ఎత్తుకు మార్చిన. సాయంత్రం కూడా కొంత నయమైంది. పూర్తిగ కాదు, అబద్ధం చెప్పను.

పగలు ఎందుకు వెలిగింది? పొద్దు ఉన్నదా లేదా చూసే చిన్న కన్ను వేరే ఉంటది. సంక్రాంతికి గోడలకు రంగు వేయించినప్పుడు దాని మీద చుక్కలు పడ్డయి, పైన కానుగ కొమ్మ నీడ. దానికి ఎప్పుడూ మునిమాపే. గీకి, కొమ్మ కొట్టి, కింద లక్స్ అని రాసున్న మర రాత్రి గుర్తు దిక్కు తిప్పిన. ఆ రంగు ముందర బుగ్గ మీద కూడా పడ్డది. బుగ్గ మీద రంగు పడితే వేడి లోపలికి పోదు, గోరుతో గీకితే గీతలు పడతయి, తడిగుడ్డతో ఓపికగ తుడవాలె. ఇంకొకటి, కొంతమంది దుమ్ము పడకుండ అద్దం బిగిస్తరు, కిటికీ లోపల నుంచి పెడతరు. మామూలు అద్దం ఈ వేడిని ఆపేస్తది, ఇంక అది జన్మల వెలగదు.

వెనక లైటు పెళ్ళిపందిరి ఎందుకైంది? పక్కన ఏసీ బయటి డబ్బా. అది వేడి గాలి ఊదినప్పుడల్లా ఆకులు, గాలి అన్నీ కదిలే వేడే. డబ్బా కనపడకుండ సెన్సార్ మెడ అటు తిప్పిన. బుగ్గ మీద బల్లి తిరిగినా, సాలెపురుగు గూడు కట్టినా ఇట్లనే చేస్తది. దాంట్ల కందిరీగ మట్టిగూడు కూడా ఉన్నది, దాన్ని తీసేటప్పుడు కుట్టింది కూడా, అది వేరే ముచ్చట. ఇంకో తీరు ఆడుడు కూడా ఉంటది: లైటు వెలుగు దాని కంటిలనే పడితే పొద్దు పొడిచిందనుకొని ఆరుతది, ఆరంగనే చీకటైందని వెలుగుతది. అట్లైతే లైటును ఇంకో దిక్కు తిప్పాలె.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక నిమిషం అది ఊరికెనే వెలుగుతది, లోపలి బిళ్ళ సర్దుకునే టైము అది. చెడిపోయిందని అప్పుడే విప్పకండి. పరీక్ష చేసేటప్పుడు టైమ్ మర అన్నిటికంటే తక్కువకు పెట్టి, అడ్డంగ నడిచి చూడండి. స్విచ్ ఆఫ్ చేసినా ఎల్‌ఈడీ సన్నగ మినుకుతుంటే స్విచ్ ఫేజుకు కాకుండ న్యూట్రల్‌కు వేసిన్రేమో తెలిసినోళ్ళతో చూపించండి. నిచ్చెన ఎక్కే ముందు మెయిన్ దించుడు మర్చిపోవద్దు.

రెండు లైట్లు దారికొచ్చినయని అందరూ సంబరపడ్డరు. మా వియ్యపురాలు పొద్దుగాల ఐదింటికి పూలకు వెనక దిక్కు పోతది. అప్పుడు బిడ్డ అన్నది, "ఇంక భయం లేదు నాన్నా, కంచె దిక్కు నుంచి పామొచ్చినా లైటు వెలుగుతది గదా."

నేను చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టిన.

వెలగదు బిడ్డా. పాము ఒళ్ళు మన లెక్క వెచ్చగ ఉండదు. నేల ఎంత వేడి ఉంటే అది దాదాపు అంతే ఉంటది. సన్నగ, నేలకు ఆనుకొని పోతది. ఈ సెన్సార్‌కు అది బండలో భాగమే. కుక్కకు వెలుగుతది, పిల్లికి వెలుగుతది, అడవిపందికి వెలుగుతది, నాగుపాముకు, కట్లపాముకు, పింజరకు వెలుగుతదని నమ్మడానికి లేదు. మీలో కూడా చాలామంది పొలం కాడ సోలార్ సెన్సార్ లైట్లు పెట్టుకొని ఇదే ధైర్యంల ఉన్నరు, అందుకే ఇంత పొడుగు రాస్తున్న. లైటు వెలగలేదంటే అక్కడేమీ లేదని కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంల పాముకాటుకు సుమారు 12 లక్షల మంది పోయిన్రని పరిశోధకులు లెక్క తీసిన్రు. ఎక్కువమంది ఊర్లోళ్ళే, ఎక్కువ వానాకాలంలనే. మా చిన్నాయన ఆ పన్నెండు లక్షలల్ల ఒకడు.

అయితే లైటు దండుగా అంటే కాదు. మనం కదిలితే వెలుగుతది, మన అడుగుల ముందు నేలను చూపెడతది. అందుకని దాన్ని మనిషి ముఖం దిక్కు కాదు, నడిచే దారి మీదికి వంచి పెట్టాలె, కందిలి పడ్డట్టు. రాత్రంతా వెలిగే లైటు కింద పురుగులు చేరతయి, పురుగులకు కప్పలు, కప్పలకు పాము. మనిషి వచ్చినప్పుడే వెలిగే లైటుకు ఆ బాధ తక్కువ. చేతిల టార్చి, కాళ్ళకు బూట్లు, కట్టె – ఇవి మాత్రం ఉండాల్సిందే. కాటు పడితే కట్టు బిగించుడు, కోసుడు, మంత్రం ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలనీయకుండ, 108కి ఫోన్ చేసి నేరుగ విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దవాఖానకు. ఈ మాట ఇరవై ఏండ్ల కింద నేను గట్టిగ అనవలసింది.

యాప్రాల్‌ల వెనక లైటును కిందికి వంచి, వియ్యపురాలి గుమ్మం పక్కన మేకు కొట్టి ఛార్జింగ్ టార్చి తగిలించి వచ్చిన. ఊరికొచ్చినంక మా స్టార్టరు డబ్బా కాడ కర్రకు ఒక సోలార్ లైటు కట్టిన, వెలుగు ఒడ్డు మీద పడేటట్టు. చుట్టూ పది గజాలు గడ్డి చెక్కిన. మృగశిర లోపల చిన్నాయన కొడుకు బోరు కాడ కూడా ఇంకోటి కట్టాలె, ఇప్పటికీ వాడు చెప్పులతోనే పోతున్నడు. బూట్లు కొనిచ్చిన, తొడుగుతడో లేదో చూడాలె. మీ లైట్లకు ఏదన్నా తేడా ఉంటే ఎక్కడ, ఎంత ఎత్తుల, ఏ దిక్కు చూసేటట్టు పెట్టిన్రో రాయండి, ఫొటో కూడా పెట్టండి, తెలిసింది చెప్తా.